రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి: సొంత ఫ్లాటా, సొంతూరా, పిల్లల దగ్గరా, సీనియర్ లివింగా?

రిటైర్మెంట్ దగ్గరపడిన ఇళ్లలో గ్రాట్యుటీ ఎంతొస్తుంది, పీఎఫ్ ఎంతొస్తుంది, ఎక్కడ వేస్తే ఎంత వడ్డీ అన్న లెక్కలు ఏడాది ముందే మొదలవుతాయి. ఎక్కడ ఉండబోతున్నాం అన్న సంగతిని మాత్రం అప్పటికి అదే తేలుతుందిలే అని వదిలేస్తారు. కానీ నెల ఖర్చు, వైద్యం, పలకరించే మనుషులు, పొద్దు గడవడం అన్నీ ఆ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అరవై ఏళ్ల వయసులో ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎక్కడైనా బాగానే ఉంటుంది. ఎంచుకోవాల్సింది ఆ రోజుల కోసం కాదు. ఎనభైకి దగ్గరపడ్డాక ఇద్దరిలో ఒక్కరే మిగిలితే, ఆ ఒక్కరూ అక్కడ ఎలా నెట్టుకొస్తారో ఊహించుకుని ఎంచుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ కోణంలోనే.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు. కిలోమీటర్లు కాదు, నిమిషాలు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంతకంటే ముందు సీటీ స్కాన్ తీయాలి. అంబులెన్సు రావడానికి, స్కానుకు, పరీక్షలకు పోయే సమయం తీసేస్తే దారికి మిగిలేది తక్కువ. అందుకే ఊళ్లో డాక్టరున్నాడంటే సరిపోదు. సీటీ స్కాన్, క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలకు స్టెంట్ వేసే గది) ఉండి, రాత్రిపూట కూడా స్పెషలిస్టు దొరికే ఆసుపత్రి ఏదో ముందు కనుక్కోండి. ఒకసారి రాత్రి పదకొండు తర్వాత ఇంటి నుంచి అక్కడికి కారులో వెళ్లి చూసుకోండి. గంటలోపైతే పర్వాలేదు. రెండు గంటలు దాటితే, బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఆ చోటును శాశ్వతంగా ఎంచుకోకపోవడమే మంచిది.

ఒక్కరే మిగిలితే ఆదాయం ఎంత. కేంద్ర ప్రభుత్వ పాత పింఛను విధానంలో పింఛను చివరి బేసిక్‌లో 50 శాతం, మామూలు కుటుంబ పింఛను 30 శాతం. మొదటి కొన్నేళ్లు పెంచిన రేటు వర్తించినా, పెద్ద వయసుకు వచ్చేసరికి నెలకు 50 వేల బేసిక్ పింఛను వచ్చే (అంటే చివరి బేసిక్ లక్ష ఉన్న) ఇంట్లో భార్యకు మిగిలేది 30 వేలు, దాని మీద డీఏ. ఈపీఎఫ్ పింఛనైతే భర్తకు వచ్చేదాంట్లో సగమే. మనిషి ఒకరు తగ్గినంత మాత్రాన అద్దె, మెయింటెనెన్సు, పనిమనిషి జీతం సగం కావు. ఏ చోటు చూసినా ఈ తగ్గిన ఆదాయంతోనే లెక్క వేయండి.

పదకొండు నుంచి నాలుగు దాకా ఏం చేస్తారు. ఉదయం పూట సమస్య లేదు: వాకింగ్, పేపరు, పూజ, టిఫినుతో గడిచిపోతుంది. సాయంత్రం ఎవరో ఒకరు కలుస్తారు. ఖాళీ అనిపించేది పగలు పదకొండు నుంచి నాలుగు దాకా. ఒక కాగితం మీద ఆ ఐదు గంటలూ సోమవారం నుంచి శనివారం దాకా రాయండి. ప్రతి చోటుకీ విడిగా, భార్యాభర్తలు ఎవరి కాగితం వాళ్లు రాయాలి. ఊళ్లో ఆయనకు రచ్చబండ ఉంటుంది, ఆమెకు వంటిల్లే మిగలొచ్చు. ఈ తేడా కాగితం మీద పెట్టేదాకా బయటపడదు.

నచ్చకపోతే వెనక్కి రాగలమా. ఇల్లు అద్దెకిచ్చి వెళ్తే రావచ్చు, అమ్మేసి వెళ్తే రాలేం. మిగతా అన్ని విషయాల్లో సమానంగా ఉన్న రెండు దారుల్లో వెనక్కి రాగలిగేదే ఎంచుకోండి.

| | ఆసుపత్రి | నెల ఖర్చు | పగటి తోడు | ఒక్కరే మిగిలితే | వెనక్కి రావడం |
|---|---|---|---|---|---|
| సిటీలో సొంత ఫ్లాటు | దగ్గర | మధ్యస్థం | పాత పరిచయాలను బట్టి | సహాయకులు ఉంటే సాగుతుంది | ఎక్కడికీ వెళ్లరు కాబట్టి ప్రశ్నే లేదు |
| సొంతూరు | తరచుగా దూరం | తక్కువ | ఎక్కువ | కష్టం | సిటీ ఇల్లు ఉంచుకుంటే తేలిక |
| పట్టణం | ఫర్వాలేదు | తక్కువ నుంచి మధ్యస్థం | బాగానే | సాగుతుంది | తేలిక |
| పిల్లల ఊళ్లో వేరే ఫ్లాటు | దగ్గర | ఎక్కువ | మొదట తక్కువ | చాలా తేలిక | అద్దెకైతే తేలిక |
| విదేశంలో పిల్లల దగ్గర | దగ్గరే గానీ చాలా ఖరీదు | పిల్లల మీద | తక్కువ | పూర్తిగా పిల్లల మీదే | గ్రీన్ కార్డు తీసుకున్నాక చిక్కు |
| సీనియర్ లివింగ్ (పెద్దల కోసమే కట్టిన నివాసాలు) | ఏర్పాటును బట్టి | ఎక్కువ | ఎక్కువ | తేలిక | ఒప్పందాన్ని బట్టి |

## సిటీలో ఉన్న ఇంట్లోనే ఉండిపోవడం

ముప్పై ఏళ్లుగా ఉన్న కాలనీ, పేరుపెట్టి పలకరించే మందుల షాపువాడు, పాత ఫైళ్లున్న డాక్టరు: వీటి విలువ వదిలి వెళ్లాకే తెలుస్తుంది. లిఫ్టు, దానికి జనరేటర్ ఉన్న ఇల్లయితే ఎక్కువ మందికి ఇదే సరైన దారి. లిఫ్టు లేని రెండో అంతస్తయితే మోకాళ్లు బాగున్నప్పుడే మారండి.

ఇంటిని మాత్రం రిటైరైన ఏడాదే సరిచేయించాలి, పడ్డాక కాదు. ముందు బాత్‌రూమ్. కమోడు సీటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని లేవగలరు. కమోడు పక్కన, స్నానం చేసే చోట పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించాలి. టైలు మీద అతికించే రకం బరువు పడితే ఊడివస్తుంది, గోడలోకి దిగే బోల్టులతో బిగించేదే కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతారు. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. ద్వారం తెరిచాక 32 అంగుళాల ఖాళీ ఉంటేనే వీల్‌చైర్ పడుతుంది. పాత అపార్ట్‌మెంట్ల బాత్‌రూమ్ తలుపులు చాలావరకు అంతకంటే ఇరుకు.

ఇల్లుండి చేతిలో డబ్బు తక్కువైన వాళ్లకు రివర్స్ మార్ట్‌గేజ్ అనే దారి ఉంది. అరవై దాటినవాళ్లు సొంత ఇంటిని బ్యాంకుకు తనఖా పెడితే, బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండొచ్చు, తదనంతరం పిల్లలు బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. ఏ శాఖలో అడిగినా వెంటనే దొరికే పథకం కాదు కాబట్టి అవసరం మీదికి రాకముందే వాకబు చేయాలి.

## సొంతూరు

మనసుకు దగ్గరైన దారి ఇది. వెనక్కి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువగా ఉండే దారి కూడా ఇదే. వచ్చేది ఊరు నచ్చక కాదు, ఇల్లు ముసలితనానికి పనికిరాక, ఆసుపత్రి దూరమై.

పాత ఇంటినే చూడండి. అరుగు మీదికి మూడు నాలుగు మెట్లు, మరుగుదొడ్డి పెరట్లో, రాత్రి లేస్తే వాకిలి దాటి వెళ్లాలి. వీల్‌చైర్ వెళ్లే వాలు కట్టాలంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు కావాలి. రెండడుగుల ఎత్తు అరుగుకు 24 అడుగుల ర్యాంపు అవసరం. ఎదుట అంత స్థలం లేక చాలామంది నిటారుగా కట్టించేస్తారు. దాని మీద వీల్‌చైర్ తోయడం ఎవరి వల్లా కాదు, వానాకాలంలో నడిచినా జారుతుంది. స్థలం లేకపోతే మధ్యలో ఒక చదును పెట్టి మలుపు తిప్పించండి. మరుగుదొడ్డిని పడకగదికి ఆనించి కట్టించడం మిగతా అన్ని మరమ్మతుల కంటే ముఖ్యం. హాలుకు టైల్స్ ఆ తర్వాత.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కరెంటు సంగతి చూసుకోవాలి. వాడకుండా నిల్వ ఉంచిన ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మామూలు ఇన్వర్టర్ ఫ్యాన్లు, లైట్లు నడుపుతుంది గానీ, ఫ్రిజ్‌ను ఎంతసేపు నడపగలదో కొనేటప్పుడే అడగాలి. తెలంగాణలో చాలా ఊళ్లలో కోతుల బెడద కూడా ఉంది. పెరట్లో కూరగాయలు వేసుకుందామనుకునేవాళ్లు పక్కింటివాళ్లను అడిగాకే వేయండి.

వ్యవసాయం విషయంలో ఒక మాట. ఉద్యోగం వదిలిన ఏడాదే నాలుగెకరాలూ సొంతంగా చేస్తామని దిగకండి. కూలీలు, నీళ్లు, పెట్టుబడి, అమ్మకం ఒక్కసారిగా మీద పడతాయి, పీఎఫ్ డబ్బు అందులోకి పోతుంది. మొదటి రెండేళ్లు భూమిని కౌలుకిచ్చి, ఒక పదిహేను ఇరవై సెంట్లు, తెలంగాణ లెక్కలో ఆరు నుంచి ఎనిమిది గుంటలు, మీ చేతిలో ఉంచుకోండి. ఇద్దరికి సరిపడా ఆకుకూరలు, వంగ, బెండ, నాలుగు మునగచెట్లు అందులోనే వస్తాయి. పని చేతనవుతోందా, ఒళ్లు సహకరిస్తోందా తెలియడానికి అంత చాలు.

ఊరి మీద మనసుండీ ఆసుపత్రి దూరమైనవాళ్లు పట్టణాన్ని ఎందుకు చూడరో అర్థం కాదు. తెనాలి, భీమవరం, ఖమ్మం, సిద్దిపేట లాంటి చోట అద్దెకుంటే ఊరు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే దూరంలో ఉంటుంది. స్కానింగులు, స్పెషలిస్టులు, పెన్షనర్ల సంఘం, గ్రంథాలయం, ఆటో పిలిస్తే వచ్చే దూరంలో ఉంటాయి. సిటీ కంటే అద్దె తక్కువ. పింఛను మధ్యస్థంగా ఉన్న జంటకు నేను ముందు చెప్పేది ఇదే.

## పిల్లల ఊళ్లో

హైదరాబాద్, బెంగళూరు, పుణే, ఎక్కడైనా ఒకే ఇంట్లో కంటే నడిచి వెళ్లే దూరంలో వేరే ఫ్లాటు మేలు. వంటిల్లు వేరుగా ఉంటే సగం గొడవలు పుట్టవు. మనవలు స్కూలు నుంచి వచ్చే వేళకు వెళ్లి, పిల్లలు ఆఫీసు నుంచి వచ్చాక తిరిగి రావచ్చు. ఎవరో ఒకరు మంచాన పడ్డా పది నిమిషాల్లో మనిషి ఉంటారు.

రెండు సంగతులు ముందే మాట్లాడుకోండి. మనవల్ని చూసుకోవడం రోజుకు ఎన్ని గంటలు, వారంలో ఎన్ని రోజులు? స్పష్టంగా అనుకోకపోతే రిటైర్మెంటు కాస్తా జీతం లేని డ్యూటీ అవుతుంది, ఆ మాట పైకి అనలేక ఇద్దరూ లోలోపల కుమిలిపోతారు. రెండోది ఆస్తి. పిల్లలకు ఫ్లాటు కొనడానికి ఊళ్లో ఇల్లమ్మి ఇవ్వడం, ఉన్న ఇంటిని గిఫ్ట్ డీడ్ రాసెయ్యడం జరుగుతూనే ఉన్నాయి. గిఫ్ట్ రిజిస్టరైన రోజు నుంచే ఆస్తి వాళ్లది. వీలునామా అయితే మీరున్నన్నాళ్లూ మీదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. అయినా గిఫ్టే ఇస్తామంటే, మమ్మల్ని పోషించాలి, వైద్యం చూడాలి అనే షరతును డీడ్‌లోనే రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని సెక్షన్ 23 కింద బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. నోటిమాటను నిరూపించడం చాలా కష్టం. ఇబ్బంది వచ్చినప్పుడు పెద్దవాళ్ల సహాయానికి 14567 నంబరు ఉంది, ఫోనులో రాసి పెట్టుకోండి.

సొంత ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఊరు మారే ముందు పాలసీ తీసి చదవాలి. కొన్ని పాలసీల్లో ప్రీమియం ఊరి జోన్‌ను బట్టి ఉంటుంది. చిన్న పట్టణం చిరునామాతో తీసుకుని మహానగరంలో చేరితే బిల్లులో కొంత శాతం చేతి నుంచి పెట్టుకోవాలి. చిరునామా మార్పించి తేడా కట్టేస్తే ఆ బాధ ఉండదు. డెబ్బై నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. వెళ్లబోయే ఊళ్లో ఏ ఆసుపత్రులు దాన్ని తీసుకుంటున్నాయో చూసుకుని కార్డు ముందే తీసుకోండి.

## అమెరికాలో పిల్లల దగ్గర

విజిటర్ వీసా మీద వెళ్లి రావడం వేరు, గ్రీన్ కార్డు తీసుకోవడం వేరు. ఈ రెంటినీ కలిపి ఆలోచించడం వల్లే చిక్కులొస్తాయి.

విజిటర్‌గా సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. వెళ్లేముందు అక్కడి విజిటర్ ఇన్సూరెన్సు తీసుకోవాలి, ఇక్కడి పాలసీలు మామూలుగా అక్కడ పనిచేయవు. ఆ విజిటర్ పాలసీల్లో అంతకుముందే ఉన్న జబ్బులకు పూర్తి రక్షణ ఉండదు. ఉన్నట్టుండి తీవ్రమైతేనే, అదీ పరిమితికి లోబడి ఇస్తారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకుని ఏడాది కానివాళ్లు డాక్టరు గట్టిగా సరేనంటేనే వెళ్లాలి. మందులు ప్రయాణ కాలానికి సరిపడా, జెనరిక్ పేర్లతో రాయించుకున్న చీటీతో సహా తీసుకెళ్లండి. నెలలు చూసి వెళ్లండి: చికాగో, న్యూజెర్సీల్లో డిసెంబరు నుంచి మార్చి దాకా వాకింగే కుదరదు. అక్కడి శివారు ఇళ్లలో కారు నడపనివాళ్లకు గుమ్మం దాటే దారి లేదు, పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఒక్కరే. గుడి, తెలుగువాళ్లు నడక దూరంలో ఉన్న చోట పిల్లలుంటే ఆ మేరకు తేలిక.

గ్రీన్ కార్డు తీసుకుంటే లెక్కంతా మారుతుంది. అమెరికా పౌరులైన పిల్లలు 21 ఏళ్లు నిండాక తల్లిదండ్రులకు దరఖాస్తు చేయవచ్చు. కానీ పని చేసిన చరిత్ర లేని పెద్దలు మెడికేర్ (అక్కడి ప్రభుత్వం పెద్దలకిచ్చే ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే 65 ఏళ్లు నిండడంతో పాటు అక్కడ వరుసగా ఐదేళ్లు ఉండాలి. అప్పటిదాకా బీమా భారం పిల్లలదే. గ్రీన్ కార్డున్నవాళ్లు ఇండియాలో వచ్చే పింఛను, వడ్డీ, అద్దెలను అమెరికా పన్ను రిటర్నులో చూపించాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే విడిగా తెలియజేయాలి. ముందుగా రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి) తీసుకోకుండా ఏడాదికి మించి ఇండియాలో ఉండిపోతే కార్డుకే ముప్పు. ఇటు ఎన్ఆర్ఐ అయినవాళ్లు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో కొత్త ఖాతా తెరవలేరు. పింఛనుదార్లకు నవంబరు లైఫ్ సర్టిఫికెట్ ఉండనే ఉంది.

ఇద్దరూ ఉన్నంతకాలం విజిటర్‌గా వెళ్లొస్తూ, స్థిర నివాసం ఇక్కడే ఉంచుకోవడం నయం. ఒక్కరే మిగిలి, పిల్లలందరూ అక్కడే ఉన్నవాళ్లకు గ్రీన్ కార్డు ఆలోచించదగ్గదే. అలాంటప్పుడు డెబ్బై ఐదులో కాదు, ముందే మొదలుపెట్టాలి. మెడికేర్‌కు ఆ ఐదేళ్ల గడువు ఉంది కాబట్టి.

## సీనియర్ లివింగ్

వృద్ధాశ్రమం అనగానే ఉలిక్కిపడేవాళ్లు ఒకసారి వెళ్లి చూడాల్సినవి ఇవి. సొంత గది లేదా ఫ్లాటు, భోజనశాల, నర్సు, గుడి, నడవడానికి చోటు ఉంటాయి. హైదరాబాద్ శివార్లలో ఉన్నాయి. కోయంబత్తూరు చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్నాయి, అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు భాష, భోజనం రెండూ ఆలోచించుకోవాలి. పిల్లలు దూరంగా ఉన్నవాళ్లకు, ఒంటరి మహిళలకు, వంట భారం వదిలించుకోవాలనుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. పగలు ఆ ఐదు గంటలూ తోడు దొరకడంలో ఇంతకంటే మంచి చోట్లు తక్కువే.

ఒప్పందాలు మూడు రకాలు: కొనుక్కోవడం, పెద్ద డిపాజిట్ కట్టి ఉండడం, నెల అద్దె. కొంటే రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైందో లేదో చూడండి. తర్వాత దాన్ని వయసు పరిమితికి లోబడే అమ్మాలని షరతు ఉండొచ్చు, పిల్లలు అందులో ఉండలేకపోవచ్చు. ఇల్లమ్మిన డబ్బు డిపాజిట్ కట్టేవాళ్లు ఆడిటర్‌ను అడిగాకే కట్టాలి. ఇల్లమ్మి ఇల్లు కొంటే వచ్చే పన్ను మినహాయింపు తిరిగిచ్చే డిపాజిట్‌కు వస్తుందనుకోకండి.

కాగితం మీద రాయించుకోవాల్సిన ప్రశ్నలు ఇవి:

- మెయింటెనెన్సు ఏటా ఎంత శాతం పెంచవచ్చు? పరిమితి ఉందా?
- ఒకరు పోతే రెండోవారి నెల ఖర్చు ఎంత తగ్గుతుంది?
- రాత్రి డ్యూటీలో అర్హత ఉన్న నర్సు ఉంటారా, సహాయకులేనా? అంబులెన్సు లోపలే ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా?
- మంచాన పడినా, మతిమరుపు ముదిరినా ఇక్కడే ఉండనిస్తారా? అప్పుడు అదనంగా ఎంత?
- వెళ్లిపోతే డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఎంత కోతతో తిరిగిస్తారు? కొత్తవాళ్లు వచ్చాకే ఇస్తారా?

నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబివ్వని చోటును వదిలేయండి. మీరు అక్కడికి వెళ్లేదే ఆ రోజు కోసం. నమూనా గది చూసి సంతకం పెట్టకుండా, ఒక నెల డబ్బు కట్టి ఉండండి. ఆదివారం భోజనం ఎక్కడైనా బాగుంటుంది, బుధవారం రాత్రి భోజనం తిని చూడండి. నాలుగైదేళ్లుగా ఉంటున్నవాళ్లతో సిబ్బంది లేనప్పుడు మాట్లాడండి.

## ఎవరికి ఏది

ప్రభుత్వ పింఛను ఉండి ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే పట్టణం, లేదా సిటీ ఫ్లాటు ఉంచుకుని ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఊరు. ఒకరికి గుండె, కిడ్నీ జబ్బుంటే సిటీ దాటవద్దు. ఒంటరి మహిళకు పిల్లల ఊళ్లో వేరే ఫ్లాటు, అది కుదరకపోతే సీనియర్ లివింగ్.

పింఛను లేని ప్రైవేటు ఉద్యోగులు చోటు కంటే ముందు నెల రాబడి ఏర్పాటు చేసుకోవాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేయవచ్చు. 8.2 శాతం లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తుంది, ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ ఉంటుంది. భార్యాభర్తలు విడివిడిగా తెరిస్తే మిగిలినవారి పేరున కొంత రాబడి ఎటూ ఆగదు. ఆ రాబడిలో అద్దె, మెయింటెనెన్సు కలిపి మూడోవంతు దాటే చోటుకు వెళ్లకండి.

## మొదటి ఏడాది

ఏదీ అమ్మకండి. ఉన్న ఇంటికి తాళం వేయండి, లేదా 11 నెలల ఒప్పందంతో అద్దెకివ్వండి. ఎంచుకున్న చోట అద్దెకు దిగండి. అందులో మే నెల ఉండాలి, జోరువాన కురిసే నెల ఒకటి ఉండాలి. సంక్రాంతికి, దసరాకు ఊరు చూసి మురిసిపోయి ఇల్లు కట్టించినవాళ్లకు మే నెల నీళ్ల ఎద్దడి ఆ తర్వాతే తెలుస్తుంది.

ఆ ఏడాదిలో ఒక పది రోజులు భర్త లేకుండా భార్య, మరో పది రోజులు భార్య లేకుండా భర్త అక్కడ ఉండి చూడాలి. బ్యాంకు పని, గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, మందులు తెచ్చుకోవడం, వంట, అన్నీ ఎవరికి వారే చేసుకోవాలి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. భార్యకు ఫోనులో డబ్బు పంపడం రాకపోతే నేర్పండి, భర్తకు అన్నం, పప్పు వండడం రాకపోతే నేర్చుకోవాలి. ఖాతాలు, నామినీలు, పాలసీలు, వీలునామా, పింఛను పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో పిల్లల్లో ఒకరికి చెప్పండి. ఇల్లు అమ్మాలా వద్దా అన్న మాట ఆ పదేసి రోజులూ పూర్తయ్యాకే ఎత్తండి.